పద్దెనిమిది మందీ, ఒక్కరూ
(జె.బి.ఎస్. హాల్డేన్ స్మారకోపన్యాస పాఠం)



జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ గారిని తలచుకోవడానికి కాకినాడ కన్నా తగిన ఊరు లేదు. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన ఆయన 1957లో ఇంగ్లండు విడిచి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. భారత పౌరసత్వం తీసుకున్నారు. చివరి రెండేళ్లు భువనేశ్వర్‌లో పనిచేసి, 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశారు. తన దేహాన్ని చదువుకూ పరిశోధనకూ వాడుకొమ్మని ఈ ఊరి రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చారు. ఆయన శిష్యుల్లో ఒకరైన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఇక్కడికి కూతవేటు దూరంలోని పిఠాపురంలో పుట్టినవారు. ఆంధ్రదేశపు మేనరికాల మీద ఆయనా, డాక్టర్ మీరాఖాన్ గారూ కలిసి 1960లో ప్రచురించిన అధ్యయనం హాల్డేన్ గారి ఆలోచనల నీడలో పెరిగినదే.

నేను పిల్లలకు జంతుశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిని. సికిల్ సెల్ వ్యాధితో పుట్టినదాన్ని. నా తల్లి ఒక జన్యువు, నా తండ్రి ఒక జన్యువు ఇచ్చారు. ఇచ్చామని వాళ్లకు తెలియదు. ఈ జన్యువు ఇన్ని వేల ఏళ్లుగా మనుషుల్లో ఎందుకు నిలిచి ఉంది అన్న ప్రశ్నకు సమాధానం చెప్పే దారి చూపినవారు హాల్డేన్ గారు. ఆ సమాధానం దగ్గర నేను చాలాకాలం ఆగాను. దానితో నాకు కలిగిన ఊరట గురించి, అది తీర్చలేని బాకీ గురించి ఈరోజు మాట్లాడతాను.

ఒక్క అక్షరం మార్పు

ముందు జబ్బు సంగతి. మన ఎర్ర రక్తకణాల్లో హీమోగ్లోబిన్ ఉంటుంది. అది ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును అందుకుని ఒళ్లంతా పంచుతుంది. దానిలోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి. నా రక్తంలో అక్కడ వాలీన్ ఉంది. తేడా అంతే. కానీ ప్రాణవాయువును దించేసిన తర్వాత ఈ మారిన హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి దారాలుగా పేరుకుంటాయి. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. సన్నని రక్తనాళాల్లో ఆ కణాలు ఇరుక్కుంటాయి. వాటి వెనక ఉన్న కండకూ ఎముకకూ ప్రాణవాయువు అందదు. అప్పుడు వచ్చేదే నొప్పి.

ఈ నొప్పిని మాటల్లో పెట్టడం కష్టం. అది ఎముక లోపలి నుంచి వస్తుంది. గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఉంటుంది. చలిగాలి తగిలినా, నీళ్లు తక్కువ తాగినా, జ్వరం వచ్చినా, ఒళ్లు అలిసినా మొదలవుతుంది. బయటికి మాత్రం ఏమీ కనబడదు. వాపు లేకపోవచ్చు, గాయం ఉండదు. అందుకే మా మాట నమ్మడం చాలామందికి కష్టమవుతుంది. ఒక ఆసుపత్రిలో ఒక రాత్రి నేను నొప్పితో ముడుచుకుని పడుకుని ఉంటే, నటిస్తోందేమోనని పక్కన మాట్లాడుకోవడం నా చెవిన పడింది. ఆ మాట ఆ నొప్పికన్నా ఎక్కువ రోజులు నాతో ఉంది.

మామూలు ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. మా కణాలు 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతాయి. అందుకే రక్తం తక్కువ, కళ్లు పచ్చన. పల్లెల్లో ఆ పచ్చదనాన్ని చూసి కామెర్లంటారు, పసరు పోస్తారు. కీళ్లనొప్పి చూసి వాతమంటారు. పేరు తెలియకుండానే ఎంతమంది పిల్లలు పోయారో మన్యంలో ఏ ఇంటికి వెళ్లినా చెబుతారు. పోయిన కణాల చోట కొత్తవి తయారు కావాలంటే ఎముకల్లోని మజ్జకు ఫోలిక్ యాసిడ్ కావాలి. నేను రోజూ వేసుకునే ఆ చిన్న మాత్ర వెనక భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన పరిశోధనను నడిపించింది ఆయనే.

వైద్య గ్రంథాల్లో ఈ జబ్బు చరిత్ర ఒక విద్యార్థితో మొదలవుతుంది. కరీబియన్ దీవి గ్రెనడా నుంచి దంతవైద్యం చదువుకోవడానికి షికాగో వెళ్లిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్ 1904లో అక్కడి ఆసుపత్రిలో చేరారు. ఆయన రక్తంలో వింత ఆకారంలో ఉన్న కణాలు కనబడ్డాయి. 1910లో జేమ్స్ హెరిక్ వాటిని గురించి రాశారు. నోయెల్ చదువు పూర్తి చేసి, ఊరికి తిరిగి వెళ్లి దంతవైద్యం చేసి, 1916లో మరణించారు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఈ జబ్బు మూలం హీమోగ్లోబిన్ అణువులోనే ఉందని చూపింది. 1950ల చివరికి వెర్నాన్ ఇంగ్రామ్ ఆ ఒక్క అమైనో ఆమ్లం మార్పును పట్టుకున్నారు. అణువు దాకా వెళ్లి కారణం చెప్పగలిగిన మొదటి జబ్బు ఇదే.

హాల్డేన్ వేసిన లెక్క

ఇంత బాధ పెట్టే జన్యువు ఎప్పుడో అంతరించి ఉండాలి కదా? తల్లిదండ్రులిద్దరి నుంచీ ఈ జన్యువు రెండు ప్రతులు అందుకున్న పిల్లలు వైద్యం లేని రోజుల్లో ఎదగకుండానే పోయేవారు. వాళ్లతోపాటు ఆ జన్యువూ తరతరానికీ తరగాలి. కానీ కొన్ని చోట్ల తరగలేదు. ఇలాంటి చిక్కే తలసీమియా విషయంలోనూ ఉండేది. పోయిన జన్యువులకు బదులుగా కొత్త ఉత్పరివర్తనలు పుడుతూ ఉంటాయని కొందరన్నారు. హాల్డేన్ గారు లెక్క వేసి చూశారు. అంత వేగంగా ఉత్పరివర్తనలు పుట్టడం నమ్మదగినది కాదన్నారు. ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవాళ్లకు ఏదో మేలు జరుగుతూ ఉండాలనీ, వాళ్ల ఎర్రకణాలు మలేరియా పరాన్నజీవిని తట్టుకుంటూ ఉండవచ్చుననీ 1949లో ప్రచురితమైన వ్యాసంలో సూచించారు. అప్పటికి ఆయన చేతిలో రుజువు లేదు, లెక్క ఉంది.

సికిల్ సెల్ విషయంలో రుజువు 1954లో వచ్చింది. కెన్యాలో పెరిగిన ఆంథొనీ ఆలిసన్, తూర్పు ఆఫ్రికాలో మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల ఈ జన్యువు ఎక్కువగా ఉందనీ, ఒక్క ప్రతి ఉన్నవారిని మలేరియా అంతగా పట్టదనీ చూపారు. ఆ తర్వాతి అధ్యయనాల ప్రకారం ఒక్క ప్రతి ఉన్న పిల్లలకు ప్రాణాంతక మలేరియా ముప్పు దాదాపు 90 శాతం తగ్గుతుంది. పరాన్నజీవి దూరిన కణం త్వరగా వంగిపోతుంది. ప్లీహం దాన్ని ఏరి పారేస్తుంది. ప్రాణవాయువు తక్కువైన చోట పరాన్నజీవి ఎదుగుదల కూడా కుంటుపడుతుంది.

విద్యార్థుల కోసం ఈ లెక్కను పలక మీద వేసినట్టు చెబుతాను. ఒక సమూహంలో బీటా గ్లోబిన్ జన్యువు ప్రతుల్లో పదింట ఒకటి సికిల్ అనుకుందాం. అప్పుడు నూరుమందిలో 81 మందికి సికిల్ ప్రతి అసలు ఉండదు. 18 మందికి ఒక ప్రతి ఉంటుంది. ఒక్కరికి రెండు ప్రతులూ ఉంటాయి. ఆ పద్దెనిమిది మందికీ మలేరియా నుంచి రక్షణ. ఆ ఒక్కరికి నా జబ్బు.

ఇప్పుడు లెక్కను తిరగేద్దాం. ఆ ఒక్కరూ బిడ్డల్ని కనకుండానే పోయే కాలంలో కూడా ఈ జన్యువు పదింట ఒకటిగా తరతరాలు నిలవాలంటే ఏం జరుగుతూ ఉండాలి? ఒక్క ప్రతి ఉన్న పిల్లలతో పోలిస్తే, సికిల్ ప్రతి లేని పిల్లల్లో తొమ్మిది మందికి ఒకరు అదనంగా, పెద్దయ్యేలోపే మలేరియాతో పోతూ ఉండాలి. ఒక తరం కాదు, ప్రతి తరంలోనూ. ఈ సంఖ్య దగ్గరే నేను ఆగిపోయాను. అప్పటిదాకా నా రక్తంలో ఉన్నది నా నొప్పి ఒక్కటే అనుకున్నాను. ఈ జన్యువు ఒక చోట ఇంత ఎక్కువగా ఉందంటే, అక్కడ చలిజ్వరంతో పోయిన పిల్లలు అంతమంది ఉన్నారని అర్థం. వాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ లేవు. వాళ్లు ఉన్నారనడానికి మిగిలిన సాక్ష్యాల్లో ఈ రక్తం ఒకటి.

చలిజ్వరపు నేల

దోమలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో చూశారు. తెలుగు నేలకు ఈ కథలో అంత పాత వాటా ఉంది. మన్యానికి ఇంకా పాత వాటా ఉంది. మైదానాల నుంచి ఏజెన్సీకి బదిలీ అయిన ఉద్యోగులు ఒకప్పుడు దాన్ని శిక్షగా భావించేవారు, ఆ జ్వరానికి భయపడి. ఎవరైనా కొన్నేళ్లుండి వెళ్లిపోయే చోట, మన్యంలోని మావాళ్లు తరతరాలుగా ఉన్నారు. జ్వరం మోసుకుంటూనే పోడు చేశారు, పిల్లల్ని కన్నారు, కొందర్ని పూడ్చిపెట్టారు.

భారతదేశంలో సికిల్ సెల్ 1952లో బయటపడింది. నీలగిరుల కొండజాతుల్లో లేమన్, కట్‌బుష్ చూశారు. అదే ఏడాది అస్సాం తేయాకు తోటల కూలీల్లోనూ కనబడింది. ఆ తర్వాత మధ్య భారతం పొడుగునా, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రల ఆదివాసుల్లో, ఆదిలాబాద్ గోండుల్లో, మన ఏజెన్సీ తెగల్లో కనబడుతూ వచ్చింది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సికిల్ సెల్ ఆదివాసీ జబ్బు కాదు. మలేరియా ఎక్కడ పిల్లల్ని ఎక్కువగా మింగిందో అక్కడ నిలిచిన జన్యువు ఇది. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో, అరేబియా తూర్పు తీరంలో, మధ్యధరా ప్రాంతంలో కొన్ని చోట్ల కూడా ఉంది. దీనికి కారణం తెగ కాదు, తెగ బతకాల్సి వచ్చిన చోటు.

ఈ జన్యువు ఎక్కడ పుట్టిందన్న చర్చ ఇంకా ముగియలేదు. దాని చుట్టూ ఉన్న డీఎన్ఏ గుర్తులను బట్టి సెనెగల్, బెనిన్, బంటు, కామెరూన్, అరబ్-ఇండియన్ అని ఐదు రకాలు గుర్తించారు. వేర్వేరు చోట్ల వేర్వేరుగా పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. 2018లో ష్రైనర్, రొటిమి మొత్తం జన్యు పటాలను చూసి, ఇది ఒక్కసారే, సుమారు 7,300 ఏళ్ల కింద ఆఫ్రికాలో ఒక బిడ్డలో పుట్టి ఉంటుందని వాదించారు. ఇదే నిజమైతే బెనిన్‌లో ఈ రాత్రి నొప్పితో ఏడ్చే పిల్లకూ నాకూ ఒకే పూర్వీకురాలు ఉన్నట్టు. మా రెండు దేశాల మధ్య ఇంతకన్నా దగ్గరి చుట్టరికం నాకు తెలియదు.

మనదేశంలోని అరబ్-ఇండియన్ రకంలో శిశు హీమోగ్లోబిన్ కొంచెం ఎక్కువగా మిగులుతుంది. గర్భంలో ఉన్నప్పుడు బిడ్డ వాడే ఆ హీమోగ్లోబిన్ సికిల్ దారాలు పేరుకోకుండా అడ్డుపడుతుంది. అందుకే మనవాళ్లకు జబ్బు తేలికగా వస్తుందని ఒక మాట వాడుకలో ఉంది. సగటున కొంత నిజం ఉండవచ్చు. నొప్పి వచ్చిన మనిషికి సగటుతో పనిలేదు. తుంటి ఎముక చచ్చుబడి కుంటుతున్న ఇరవై ఏళ్ల కుర్రాడిని చూసినవాళ్లు ఆ మాట అనలేరు.

త్యాగం అనకండి

పరిణామ శాస్త్రం నాకు ఇచ్చిన ఊరట పెద్దది. నా జబ్బు పాపం కాదు, శాపం కాదు, ఎవరో చేసిన చేతబడి కాదు. నా తల్లి చేసిన తప్పు అసలే కాదు. మా ఇంట్లో ఎన్నో ఏళ్లు నలిగిన ఆ మాటకు హాల్డేన్ గారి లెక్క ముగింపు పలికింది. ఈ ఒక్క కారణానికే నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

కానీ ఈ కథ విన్నవాళ్లు కొందరు ప్రేమతో ఒక మాట అంటారు: మీ బాధ వృథా కాదు, మీ జన్యువు వేలమందిని కాపాడింది, మీది త్యాగం అని. ఈ మాటను నేను ఒప్పుకోలేను. త్యాగానికి ఎంచుకోవడం ఉండాలి. పుట్టబోయే బిడ్డను ఎవరూ అడగలేదు. ప్రకృతి వరణానికి ఉద్దేశం లేదు. అది పద్దెనిమిది మందిని కాపాడాలని ఒకరిని బలి ఇవ్వలేదు. ఎవరు బతికితే వాళ్ల జన్యువు మిగిలింది, అంతే. పైగా రెండు ప్రతులున్నవాళ్లకు మలేరియా నుంచి ఆ రక్షణ దక్కదు. మాకు మలేరియా వస్తే ఇతరులకన్నా తొందరగా ప్రాణం మీదికి వస్తుంది. ఏ జ్వరం వల్ల ఈ జన్యువు నిలిచిందో ఆ జ్వరమే మా పిల్లలకు మరింత ప్రమాదం. దీన్ని త్యాగమని పిలిస్తే జరిగినది అందంగా కనబడుతుంది, చేయాల్సిన పని వెనక్కి పోతుంది.

ఎందుకు వచ్చిందో చెప్పడం వేరు, వచ్చినందుకు సరేననడం వేరు. పరిణామం మొదటి పని చేస్తుంది. రెండో పనికి దాన్ని వాడుకోకూడదు. ఆ పద్దెనిమిది మందికి దక్కిన రక్షణ, ఆ ఒక్కరి మీద పడిన బరువు ఒకే జన్యువు నుంచి వచ్చాయి. ప్రకృతికి ఆ బరువు పంచే చేయి లేదు. మనుషులకు ఉంది. నా వైద్యం అడగడం దయ అడగడం కాదు. ఈ జన్యువు పుణ్యాన బతికి బట్టకట్టిన వంశాల్లో పుట్టిన మనమందరం, దాని మూల్యం ఒక్కరే చెల్లించకుండా చూడటమే నేను అడిగేది.

తరాలు గడిచినా తొందరగా తగ్గదు

మలేరియా తగ్గుతోంది కదా, జన్యువు కూడా దానంతటదే పోతుంది కదా అని అడిగేవారున్నారు. దీనికీ లెక్క ఉంది. మలేరియా రేపే పూర్తిగా పోయిందనుకుందాం. రెండు ప్రతులున్నవారెవరూ పిల్లల్ని కనలేదని కూడా అనుకుందాం. అప్పటికీ పదింట ఒకటిగా ఉన్న జన్యువు ఇరవైంట ఒకటికి దిగడానికి పది తరాలు పడుతుంది. అంటే సుమారు 250 ఏళ్లు. ఎందుకంటే ఈ జన్యువు ప్రతుల్లో ఎక్కువ భాగం, ఒక్క ప్రతి మాత్రమే ఉండి ఆరోగ్యంగా ఉన్న వాహకుల్లో దాగి ఉంటుంది. పరిణామం చేసిన పనిని పరిణామమే సరిదిద్దుతుందని కూర్చుంటే మన మునిమనవళ్ల మునిమనవళ్లకు కూడా అందదు.

కాబట్టి ఈ తరంలో చేయగలిగినవి చెబుతాను.

మొదటిది, పుట్టిన వెంటనే పరీక్ష. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది. 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. మంచి పని. అయితే పరీక్ష చేసి కార్డు చేతిలో పెట్టి వెళ్లిపోతే సరిపోదు. పసిబిడ్డలో తెలిస్తేనే పెన్సిలిన్‌తో, టీకాలతో మొదటి ఐదేళ్ల గండం దాటించగలం.

రెండోది, మందు ఊరికి దగ్గరగా ఉండటం. హైడ్రాక్సీయూరియా పాత మందు. శిశు హీమోగ్లోబిన్‌ను పెంచి నొప్పుల రోజుల్ని తగ్గిస్తుందని 1995లోనే పెద్ద పరీక్షలో తేలింది. అమెరికాలో 2023 డిసెంబరులో జన్యు సవరణ చికిత్సకు అనుమతి వచ్చింది. శిశు హీమోగ్లోబిన్‌ను అణిచిపెట్టే జన్యు మీటను ఆపివేసే ఆ చికిత్స ఖరీదు అనుమతి వచ్చినప్పుడు అక్కడ 22 లక్షల డాలర్లు. అది శాస్త్రం సాధించిన గొప్ప విజయం, నేను మనసారా సంతోషించాను. కానీ ఈరోజు మన్యం బిడ్డకు కావాల్సింది నడిచివెళ్లగల పీహెచ్‌సీలో నెలనెలా తప్పకుండా దొరికే హైడ్రాక్సీయూరియా మాత్ర, దాన్ని వాడుతుంటే చేయాల్సిన రక్తపరీక్ష, నొప్పి వచ్చిన రాత్రి నమ్మి మందిచ్చే డాక్టరు. ఈ సభలోని వైద్య విద్యార్థుల్ని ఒక్కటే కోరుతున్నాను. సికిల్ సెల్ రోగి నొప్పి అంటే, నొప్పే.

మూడోది, పెళ్లిళ్ల సంగతి. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనుకోవడం పొరపాటు. మేనరికంలో ఇద్దరిదీ ఒకే జన్యువు అయ్యే అవకాశం పెరుగుతుంది. అయితే జన్యువు ఊరంతా ఉన్న చోట చుట్టరికం లేని సంబంధం కూడా రక్షణ కాదు. కాబట్టి పరీక్ష, సలహా ఇద్దరికీ కావాలి. ఇప్పుడు జరుగుతున్నది వేరు. కార్డులో వాహకురాలు అని రాసి ఉంటే ఆడపిల్ల సంబంధం తప్పిపోతోంది. అబ్బాయి కార్డు ఎవరూ అడగడం లేదు. వాహకురాలికి జబ్బు లేదు. ఆమె రక్తం ఆ పద్దెనిమిది మంది రక్తం. నిర్మూలన అనే మాట చెప్పేటప్పుడు మనం జబ్బును గురించి మాట్లాడుతున్నామని, మనుషుల్ని గురించి కాదని ప్రతి ఆశా కార్యకర్తా ప్రతి ఇంట్లో చెప్పాలి.

నాలుగోది, హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి ఒకటి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం నొప్పులతో పడి లేస్తూ పట్నానికి రావలసిన పరిస్థితి ఉండకూడదు. బడిలో చలికాలం స్వెట్టరు వేసుకున్నందుకు, తరగతి మధ్యలో నీళ్లు తాగినందుకు పిల్లను తిట్టే ఉపాధ్యాయుడు ఉండకూడదు. ఇది నా వృత్తిలో ఉన్నవారికి నేను చెబుతున్న మాట.

హాల్డేన్ గారు శాస్త్రాన్ని గదిలో పెట్టుకోలేదు. పత్రికల్లో రాశారు, కార్మికులకు చెప్పారు, చివరికి తన దేహాన్ని కూడా పాఠంగా ఇచ్చారు. ఆయన పేరిట ఏటా ఇలా సమావేశం కావడంతో పాటు, వచ్చే ఏడాది ఈ సభ జరిగేనాటికి మన ఏజెన్సీలోని ప్రతి పీహెచ్‌సీలో హైడ్రాక్సీయూరియా ఉందో లేదో మనం తిరిగి చూసి, ఆ జాబితాను ఈ వేదిక మీద చదవాలని నిర్వాహకులను కోరుతున్నాను. మొదటి సంచారానికి నేను వస్తాను. నాకు నొప్పులొచ్చిన రోజున మీలో ఎవరో ఒకరు నా బదులు వెళ్లాలి.